వెంట వచ్చే మనిషి వీసా

తమ్ముడు: నమస్కారం. ఈ వారం స్టూడియో లేదు. నల్లగొండలో మా పెద్దమ్మ ఇంటి డాబా మీద కూర్చున్నాం. మధ్యలో బత్తాయిల బండి మైకు వినిపిస్తే సర్దుకోండి, ఆయనను ఆపడం మా వల్ల కాదు. వచ్చే నెల నా పెళ్లి. ఆ తర్వాత ఇద్దరం విదేశం వెళ్లాలనుకుంటున్నాం. అందుకే అమెరికాలో పదకొండేళ్లు ఉండి వచ్చిన మా అక్కను పట్టుకున్నాను. అక్కా, నేను స్టూడెంట్ వీసా మీద వెళ్తాను, ఆమె డిపెండెంట్‌గా వస్తుంది. అంతే కదా?

అక్క: ఏ దేశం?

తమ్ముడు: లండన్ అనుకుంటున్నాను. ఏడాదిలో మాస్టర్స్ అయిపోతుంది.

అక్క: అయితే ఆమె ఆ ఏడాది నల్లగొండలోనే ఉంటుంది. 2024 జనవరి నుంచి మొదలైన కోర్సులకు బ్రిటన్‌లో మామూలు మాస్టర్స్ విద్యార్థి భార్యను తీసుకుపోలేడు. పీహెచ్‌డీ లాంటి పరిశోధన కోర్సుల వాళ్లకు, ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద చదివేవాళ్లకే ఆ వీలుంది.

తమ్ముడు: కన్సల్టెన్సీలో ఆ ముక్క చెప్పలేదే!

అక్క: నువ్వు ఏమని అడిగావు? నాకు అడ్మిషన్ వస్తుందా అని అడిగి ఉంటావు. వాళ్లు దానికి జవాబిచ్చారు. మీ బావ కూడా అప్పట్లో అంతే అడిగారు. నేనూ అంతకు మించి అడగలేదు. 2012లో ఇక్కడ బ్యాంకు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి ఎఫ్-2 మీద వెళ్లాను. ఎఫ్-2 అంటే చదువుకునేవాడి భార్య అన్నమాట. ఒక్క గంట కూడా జీతానికి పనిచేయకూడదు. డిగ్రీ కోసం పూర్తికాలం చదవాలంటే సొంతంగా ఎఫ్-1కి మారాలి. ఇవన్నీ అక్కడ దిగాక తెలిశాయి.

తమ్ముడు: మరి రోజంతా ఏం చేసేదానివి?

అక్క: మా అపార్ట్‌మెంట్ కింద ఒక కిరాణా కొట్టు ఉండేది. లెక్కలు రాయడానికి మనిషి కావాలని తలుపుకు కాగితం అంటించారు. మూడు నెలలు అలాగే ఉంది. కొత్తిమీరకు వెళ్లినప్పుడల్లా చదివేదాన్ని. ఒకరోజు దాని మూల ఊడి వేలాడుతుంటే టేపును వేలితో నొక్కి, మళ్లీ సరిగ్గా అంటించి వచ్చాను. ఐదేళ్లు బ్యాంకులో లెక్కలు రాసిన మనిషిని!

తమ్ముడు: బావకు ఉద్యోగం వచ్చాక?

అక్క: ఆయనకు హెచ్-1బీ, అంటే ఉద్యోగం చేసేవాడి వీసా. నాకు హెచ్-4, అంటే వాళ్ల భార్యలకిచ్చే వీసా. పని మాత్రం లేదు. 2015 మేలో నిబంధన మారింది. భర్త గ్రీన్‌కార్డు దారిలో ఐ-140, అంటే అతని కోసం కంపెనీ పెట్టే అర్జీ, ఆమోదం దాకా వస్తే, హెచ్-4 మీద ఉన్న భార్య పని అనుమతి కార్డుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మాకు ఆ ఆమోదం 2017లో వచ్చింది. నాతో పాటు బ్యాంకులో చేరిన అమ్మాయి అప్పటికి బ్రాంచి మేనేజరు. ఇప్పుడు కంపెనీ బదిలీ మీద ఎల్-1లో వెళ్లేవాళ్ల భార్యలు అదృష్టవంతులు. 2021 నవంబరు నుంచి వాళ్లకు విడిగా కార్డు కూడా అక్కర్లేదు. ఒకే దేశం, వీసా మీద అక్షరం మారితే ఇంట్లో మనిషి బతుకు మారిపోతుంది.

తమ్ముడు: కెనడా?

అక్క: ఒకప్పటిలా లేదు. 2025 జనవరి 21 నుంచి 16 నెలలు, అంతకు పైన ఉండే మాస్టర్స్, పీహెచ్‌డీ, కొన్ని వృత్తి కోర్సులు చదివేవాళ్ల జీవిత భాగస్వాములకే ఓపెన్ వర్క్ పర్మిట్, అంటే ఏ కంపెనీలోనైనా పనిచేసుకునే అనుమతి. నెలలు లెక్కపెట్టుకుని కోర్సు ఎంచుకోవాలి. అది సరే, ఆరేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నావు, మళ్లీ పుస్తకాలు పట్టడం ఎందుకు? జర్మనీలో ఉద్యోగం దొరికి బ్లూకార్డు మీద, అంటే పెద్ద చదువు ఉన్న ఉద్యోగులకిచ్చే అనుమతి మీద వెళ్తే, వచ్చే భార్యకు జర్మన్ భాష పరీక్ష ముందుగా అడగరు. వెళ్లినప్పటి నుంచే ఉద్యోగం చేసుకోవచ్చు. ఇంతకీ ఆ అమ్మాయి ఏం చేస్తుంది?

తమ్ముడు: ఎం.ఫార్మసీ. చౌటుప్పల్ దగ్గర మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్.

అక్క: వీసా పని చేయనిస్తుంది కానీ లైసెన్సు ఇవ్వదు. మందుల షాపులో ఫార్మసిస్టుగా నిలబడాలంటే అక్కడి లైసెన్సు కావాలి, దానికి భాష గట్టిగా రావాలి. ల్యాబ్ పనికి ఆ చిక్కు తక్కువ. ఒకటి అడుగుతాను. ఆమెకే ముందు ఉద్యోగం వస్తే నువ్వు డిపెండెంట్‌గా వెళ్తావా?

తమ్ముడు: ... ఆ కోణం ఆలోచించలేదు.

అక్క: ఆలోచించు. మీ అత్తగారింటి వాళ్లు ఏమనుకుంటారోనని కదా? అనుకోనీ.

తమ్ముడు: కాగితాల సంగతి చెప్పు.

అక్క: పెళ్లయిన వారంలో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లండి. ఫోటోలు ఎన్ని ఆల్బములు చేయించినా వీసా ఆఫీసరు అడిగేది మ్యారేజ్ సర్టిఫికెట్టే. తర్వాత ఇద్దరి పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి చూసుకోండి. నాది ఖాళీ. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటే పాస్‌పోర్టులో దాన్నీ వదిలేశాను. అమెరికా వీసా మీద నా పేరు ఇంటిపేరు గడిలోకి పోయి, అసలు పేరు దగ్గర ‘ఎఫ్ఎన్‌యూ’ అని అచ్చయింది. పేరు తెలియదని దాని అర్థం. లైబ్రరీ కార్డు మీదా అదే. అక్కడి పెద్దావిడ నన్ను ఎంతో ప్రేమగా ‘ఫ్నూ’ అని పిలిచేది.

తమ్ముడు: (నవ్వు) ఈ మాట పెద్దమ్మకు తెలుసా?

అక్క: తెలిస్తే ఊరుకుంటుందా? ఆమె పెట్టిన పేరు! ఇంకొకటి, ఈ నిబంధనలు తరచూ మారతాయి. దరఖాస్తు పెట్టే ముందు ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైటులో నీ కళ్లతో చదువుకో, నా మాట కూడా నమ్మకు. చదివేటప్పుడు ముందు డిపెండెంట్ల పేజీ తెరువు, నీ పేజీ తర్వాత. సరే, ఆమె ఉద్యోగం మానడానికి ఒప్పుకుందా?

తమ్ముడు: అడగలేదు అక్కా. వస్తానంది, అంతే.

అక్క: ఫోను చెయ్యి.

తమ్ముడు: ఇప్పుడా?

అక్క: ఇప్పుడే. ముందు ఆ రికార్డింగ్ ఆపు. ఆమె జీతం ఎంతో ఊరందరికీ ఎందుకు?