హారర్ గేమ్‌లో సౌండ్ తీసేస్తే ఏం మిగులుతుంది?

హారర్ గేమ్స్ గురించి ఏ వీడియో పెట్టినా కింద ఒక కామెంట్ తప్పకుండా వస్తుంది. "ఏముంది బ్రో ఇందులో, చీకట్లో నడుస్తుంటే సడన్‌గా మొహం మీదికి ఏదో వచ్చి అరుస్తుంది, అంతేగా." అది చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అందుకే ఈ వీడియో.

ముందు ఆ జంప్‌స్కేర్ సంగతి తేల్చేద్దాం. నిశ్శబ్దంగా ఉన్నచోట ఒక్కసారిగా పెద్ద చప్పుడైతే ఎవరైనా ఉలిక్కిపడతారు. కళ్లు మూసుకుంటాయి, మెడా భుజాలూ బిగుసుకుంటాయి, మనం ఆలోచించేలోపే ఒళ్లు తన పని తాను చేసేస్తుంది. వంటింట్లో స్టీలు గిన్నె జారిపడినా ఇదే జరుగుతుంది, దానికి గేమ్ డిజైనర్ అక్కర్లేదు. పైగా ఉలిక్కిపడటం రెండు క్షణాల్లో అయిపోతుంది, అదే చప్పుడు నాలుగైదుసార్లు వింటే అలవాటైపోతుంది కూడా. భయం అలా కాదు, అది ఏమీ జరగకముందే మొదలవుతుంది. మంచి హారర్ గేమ్‌లో మనం ఎక్కువ సేపు భయపడేది ఏమీ జరగని టైమ్‌లోనే, ఖాళీ కారిడార్‌లో తలుపు ముందు నిలబడి తీయాలా వద్దా అని చూస్తూ.

దీనికి నాకు తెలిసిన బెస్ట్ ఉదాహరణ దోమ. నవ్వకండి. రాత్రి లైటార్పి పడుకున్నారు, నిద్ర పట్టబోతోంది, చెవి దగ్గర జుయ్‌మని మోత. ఆ దోమ కుడితే ఏమవుతుంది, చిన్న దద్దురు. మరి ఎందుకంత టెన్షన్? ఎందుకంటే ఆ మోత మీకు సగం సంగతే చెప్తోంది. దోమ ఉందని చెప్పింది, దగ్గర్లోనే ఉందని చెప్పింది, ఎక్కడుందో చెప్పలేదు. మోత ఆగినప్పుడు ఇంకా ఘోరం. వెళ్లిపోయిందా, వాలిందా, వాలితే ఎక్కడ వాలింది? లేచి లైటు వేసి చూడొచ్చు, కానీ వేస్తే పట్టబోయిన నిద్ర కాస్తా పోతుంది, వేయకపోతే కుట్టించుకోవాలి. ఈ దోమని గుర్తుపెట్టుకోండి, వీడియో అంతా దీంతోనే పని.

[స్క్రీన్ మీద: ఏలియన్ ఐసొలేషన్, చీకటి కారిడార్, చేతిలో ట్రాకర్]

2014లో క్రియేటివ్ అసెంబ్లీ వాళ్లు చేసిన ఏలియన్ ఐసొలేషన్. అప్పటిదాకా సైన్యాలతో యుద్ధాలు చేసే స్ట్రాటజీ గేమ్స్‌కి పేరున్న స్టూడియో ఇది, వాళ్ల నుంచి ఇలాంటిది వస్తుందని ఎవరూ అనుకోలేదు. ఇందులో ఒక ఏలియన్ మిమ్మల్ని వేటాడుతుంటుంది, మీ చేతిలో మోషన్ ట్రాకర్ అని ఒకటి ఉంటుంది. కదిలేది ఏదైనా దగ్గర్లో ఉంటే చిన్న తెర మీద చుక్క కనిపిస్తుంది, బీప్ వస్తుంది. వినడానికి ఆటగాడికి ఇచ్చిన పెద్ద సాయంలాగే ఉంది కదా? గేమ్ మొత్తంలో మనల్ని ఎక్కువ భయపెట్టేది ఈ వస్తువే, అదెలాగో చూడండి.

అది కదిలేవాటినే పట్టుకుంటుంది. ఏలియన్ కదలకుండా నిలబడితే చుక్క మాయం. దోమ మోత ఆగినట్టే. ఇక చుక్క కనిపించినప్పుడైనా ఊపిరి పీల్చుకోవచ్చా అంటే అదీ లేదు, అది మీ అంతస్తులో ఉందో, నెత్తి మీద సీలింగ్ గొట్టంలో ఉందో, కాళ్ల కింద ఉందో ట్రాకర్ చెప్పదు. దూరం మాత్రం తగ్గుతూ వస్తుంటుంది. కళ్లెదుట కారిడార్ ఖాళీ, తెర మీద మాత్రం చుక్క మీ వైపే వస్తోంది! నా దృష్టిలో హారర్ గేమ్స్ చరిత్రలో ఇంతకంటే మంచి సీన్ లేదు, ఎందుకంటే ఇది ఎవరూ రాసిన సీన్ కాదు, ఆ పరికరం దానంతట అదే పుట్టించిన సీన్.

ఇంకా ఉంది. ట్రాకర్ పైకెత్తితే మీ చూపు దాని మీదికి పోయి ఎదురుగా ఉన్నదంతా మసకబారుతుంది. ఇంకో బటన్ నొక్కితే ఎదురుగా ఉన్నది తేటపడి ట్రాకర్ మసకబారుతుంది. ఏదో ఒకటే చూడాలి. వీటన్నిటికీ మించి, ఆ బీప్ మీకొక్కళ్లకే వినిపించేది కాదు. ఏలియన్ దగ్గర్లో ఉంటే దానికీ వినిపిస్తుంది. అది ఎక్కడుందో తెలుసుకోవాలంటే మీరెక్కడున్నారో చెప్పుకోవాలి. లైటు వేస్తే నిద్ర పోతుందని అన్నాను చూడండి, ఇదే అది. తెలుసుకోవడానికి ఒక ధర పెట్టారు. సౌండ్, మెకానిక్ (అంటే గేమ్ పెట్టే రూల్) అని మనం రెండు పేర్లతో పిలుస్తాం గానీ ఇక్కడ రెండూ ఒకటే పని చేస్తున్నాయి. సౌండ్ మీకు సగం చెప్తుంది, మిగతా సగం కావాలంటే మెకానిక్ మీ దగ్గర ఏదో ఒకటి లాక్కుంటుంది. "గ్రాఫిక్స్ సూపర్, అందుకే భయం" అనేవాళ్లకి నేను చెప్పేది ఇదే. ఆ ట్రాకర్ తెర మీద ఉన్నది ఆకుపచ్చ చుక్క, అంతే.

లాకర్‌లో దాక్కుంటారు, ఏలియన్ వచ్చి తలుపు ముందు నిలబడుతుంది. అప్పుడు ఊపిరి బిగబట్టాలి, దానికి వేరే బటన్. బిగబడితే మీ ఆరోగ్యం కొంచెం కొంచెం తగ్గుతుంది, వదిలితే దానికి వినిపిస్తుంది. సేవ్ చేసుకోవాలన్నా అంతే, గోడకున్న యంత్రంలో కార్డు పెట్టి మూడు లైట్లు ఒక్కొక్కటిగా వెలిగేదాకా నిలబడాలి, ఆ టైమ్‌లో గేమ్ ఆగదు, వెనక నుంచి వచ్చి చంపేయొచ్చు. మిగతా గేమ్స్‌లో సేవ్ అంటే హాయిగా టీ తాగొచ్చే టైమ్.

సరే, మరి ఆ ఏలియన్ ఎప్పుడు, ఎక్కడికి రావాలో ఎవరు చూసుకుంటారు? ఇక్కడ చాలామంది పొరబడతారు, "అదంతా స్క్రిప్టెడ్" అంటారు. కొన్ని సీన్లు అంతే, ఒప్పుకుంటాను. మిగతా చోట్ల మాత్రం రెండు మెదళ్లు పనిచేస్తాయి. పైనున్న ఒకటి డైరెక్టర్ అనే ప్రోగ్రామ్, దానికి మీరెక్కడున్నారో ఎప్పుడూ తెలుసు. అది ఏలియన్‌కి "ఆ చుట్టుపక్కల చూడు" అని పైపైన దారి చూపిస్తుందే తప్ప మీరున్న చోటు చెప్పదు. కింద ఏలియన్ తన చెవులతో, కళ్లతో వెతుక్కోవాలి. మీ మీద ఒత్తిడి ఎంత పెరిగిందో కూడా ఆ డైరెక్టరే లెక్కపెడుతుంది. ఏలియన్ చాలాసేపు మీ దగ్గరే తిరిగితే దాన్ని వెనక్కి పిలిచి సీలింగ్ గొట్టాల్లోకి పంపేస్తుంది. ఎందుకు? దోమ రాత్రంతా ఆగకుండా మోగితే అది ఫ్యాన్ చప్పుడులా అలవాటైపోతుంది. భయం నిలవాలంటే మధ్యలో గ్యాప్ ఉండాలి. ఏలియన్ పైకి వెళ్లాక గొట్టాల్లో ధడధడమని పాకే చప్పుడు మాత్రం వదిలేస్తారు, కాబట్టి ఆ గ్యాప్‌లోనూ మీకు రెస్ట్ లేదు.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఇదంతా కంటితోనే ఎందుకు చేయకూడదు, చెవే ఎందుకు? ఎందుకంటే కన్ను ముందున్నదే చూస్తుంది, చెవికి నాలుగు దిక్కులూ వినిపిస్తాయి, పైగా దానికి రెప్ప లేదు. భయమేస్తే తెర వైపు చూడటం మానేయొచ్చు, వినడం మానేయాలంటే హెడ్‌ఫోన్స్ పీకేయాల్సిందే. ఇంకో సంగతి, చప్పుడు కుడినుంచి వచ్చిందా ఎడమనుంచి వచ్చిందా అనేది మనం బాగా కనిపెడతాం, రెండు చెవులకీ చేరే టైమ్‌లో తేడా సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువున్నా మెదడు పట్టేస్తుంది. పైనా కిందా అన్న విషయంలో మాత్రం అంత గట్టివాళ్లం కాదు, దానికి చెవి డొప్ప ఆకారం మీద ఆధారపడాలి, మామూలు హెడ్‌ఫోన్స్‌లో ఆ కొద్దిపాటి సాయమూ పోతుంది. ముందా వెనకా అన్నదీ తికమకే. సీలింగ్ గొట్టాలు ఊరికే పెట్టలేదన్నమాట, మన చెవికి ఎక్కడ చేతకాదో ఏలియన్‌ని సరిగ్గా అక్కడే పెట్టారు. బాగా లోతైన గుంయ్ శబ్దం ఎటునుంచి వస్తోందో కూడా చెవి తేల్చుకోలేదు, అందుకే హారర్ గేమ్స్‌లో ఎక్కడినుంచో తెలియకుండా అడుగున ఒక గుంయ్ నడుస్తూ ఉంటుంది.

[స్క్రీన్ మీద: సైలెంట్ హిల్, పొగమంచు వీధి]

ఈ ఐడియా కొత్తదేం కాదు. 1999లో కొనామి వాళ్ల సైలెంట్ హిల్ తీసుకోండి. మొదటి ప్లేస్టేషన్‌కి ఊరంతా దూరం దాకా చూపించే శక్తి లేదు, అందుకని పొగమంచు కప్పేశారు. ఈ కథ అందరికీ తెలుసు, అందరూ ఇక్కడితో ఆపేస్తారు, నా చిరాకు అదే. పొగమంచు సగం పనే. రెండో సగం మనం ఆడే హ్యారీ జేబులో ఉన్న పాడైపోయిన రేడియో. దెయ్యాలు దగ్గరికొస్తే అది గరగరమంటుంది, ఇంకా దగ్గరికొస్తే ఇంకా గట్టిగా. ఏం వస్తోందో చెప్పదు, మంచులో ఏమీ కనిపించదు. ఇదీ మళ్లీ దోమే! కంటిని కట్టేసి చెవికి సగం సమాచారం ఇచ్చారు. హ్యారీ మామూలు రచయిత, సైనికుడేం కాదు, పరిగెడితే ఆయాసపడతాడు, గురి తప్పుతాడు. ఆ కంట్రోల్స్ మొరటుగా ఉన్నాయని ఇప్పటికీ తిట్టేవాళ్లున్నారు, కొంత నిజమే, కానీ అదే మనిషి సినిమా హీరోలా తుపాకీ తిప్పితే ఆ గరగర విని మనం భయపడం, "రా చూసుకుందాం" అంటాం. అకిరా యామవోకా సంగీతం సంగతి చెప్పాలంటే ఇంకో వీడియో కావాలి. ఫ్యాక్టరీలో ఇనుము రుద్దుకున్నట్టుండే ఆ చప్పుళ్లలో ఏది పాటో, ఏది నిజంగా గదిలో ఉన్నదో తేల్చుకోలేం, సమాచారాన్ని పాడుచేయడానికి సంగీతాన్నే వాడాడు ఆయన.

డెడ్ స్పేస్, 2008. ఇక్కడ తుపాకులు బోలెడు, అయినా భయమేస్తుంది. సౌండ్ టీమ్ వాళ్లు లెవెల్‌లో ఫియర్ ఎమిటర్లని, అంటే కంటికి కనిపించని భయం గుర్తుల్ని పెట్టారు, మీరు ఒక ప్రమాదానికి ఎంత దగ్గరైతే భయం లెక్క అంత పెరుగుతుంది, దాన్నిబట్టి సంగీతం మెత్తటి పొర నుంచి కర్ణకఠోరమైన పొర దాకా పైకీ కిందికీ కదులుతుంది. అంటే మీకంటే ముందు సంగీతానికి తెలుసు. గాలి లేని చోటికి వెళ్తే చప్పుళ్లన్నీ ఆగిపోయి మనం ఆడే ఐజాక్ ఊపిరి, మూసుకుపోయినట్టుండే అదురు తప్ప ఏమీ వినిపించదు, వెనక ఏదొచ్చినా తెలీదు. బ్యాగ్ తెరిచినా గేమ్ ఆగదు, ఆరోగ్యం ఐజాక్ సూట్ వెన్నెముక మీదున్న లైట్లలోనే చూసుకోవాలి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. 1996 రెసిడెంట్ ఈవిల్‌లో మీరు క్రిస్‌గా ఆడితే ఆరు వస్తువులే పట్టుకునే చోటు, సేవ్ చేయాలంటే ఇంక్ రిబ్బన్ ఖర్చు, కెమెరా మూలకి తిరిగి ఉంటుంది కాబట్టి మూల దాటాక ఏముందో మూలుగు విని ఊహించుకోవాల్సిందే. సేవ్ రూమ్‌లో మాత్రం మెత్తటి సంగీతం, బయటికెళ్తే ఏం పోతుందో ఆ గదిలో ఉంటేనే తెలుస్తుంది. 2019 రెసిడెంట్ ఈవిల్ టూ రీమేక్‌లో మిమ్మల్ని వెంటాడే మిస్టర్ ఎక్స్ అడుగులు గోడల అవతల నుంచి వినిపిస్తుంటాయి, ఆయన మీ గదిలోకి రాకపోయినా ఆ అడుగులు విని మీరు దారి మార్చుకుంటారు, ఆయన పని అయిపోయింది. 2010 ఆమ్నీషియాలో ఆయుధాలే లేవు, చీకట్లో ఉంటే మతి చెడుతుంది, వెలుగుకి నూనె ఖర్చు, రాక్షసుణ్ణి తేరిపార చూసినా మతి పోతుంది. చూడటానికే ధర పెట్టేశారు!

ఒక్క ఫిర్యాదు చెప్పి ఆపేస్తాను. చావు ఎక్కువైతే ఇదంతా పనిచేయదు. ఒకే గదిలో పదేపదే చచ్చి మళ్లీ మొదలుపెడితే ఏలియన్ ఎక్కడినుంచి వస్తుందో తెలిసిపోతుంది, భయం పోయి విసుగొస్తుంది, ఐసొలేషన్ చివరి భాగం మరీ సాగదీశారు, అక్కడ నాకు జరిగింది ఇదే.

ఇక ఆడాలనుకునేవాళ్లకి. ఫోన్‌లో, ల్యాప్‌టాప్ స్పీకర్లలో, ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో పెట్టుకుని ఆడి "భయమేయలేదు బ్రో" అని రాయకండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. పీఎస్4లో కెమెరా గానీ, ఎక్స్‌బాక్స్ వన్‌లో కైనెక్ట్ గానీ ఉంటే ఐసొలేషన్‌లో ఒక ఆప్షన్ ఉంది, మైక్ ఆన్ చేస్తే మీ గదిలోని నిజం చప్పుడు కూడా ఏలియన్‌కి వినిపిస్తుంది. లాకర్‌లో ఊపిరి బిగబట్టి నిలబడిన టైమ్‌లో మీ ఇంట్లో కుక్కర్ విజిల్ వేస్తే నాకు సంబంధం లేదు.