బాంబర్‌కు తోడెందుకన్నారు

[స్క్రీన్ మీద: మేఘాల పైన బారులు తీరిన బీ-17 బాంబర్లు]

1943 అక్టోబర్ 14. ఇంగ్లండ్ నుంచి 291 అమెరికన్ బాంబర్లు బయల్దేరాయి. జర్మనీలోని ష్వైన్‌ఫర్ట్‌లో బాల్ బేరింగుల ఫ్యాక్టరీలు కొట్టాలి. తోడొచ్చిన ఫైటర్లు జర్మనీ సరిహద్దులోని ఆహెన్ దగ్గర్లో వెనక్కి తిరిగాయి. వాటి పెట్రోలు అంతవరకే. జర్మన్ పైలట్లు కాచుక్కూర్చున్నది అందుకోసమే. 60 బాంబర్లు తిరిగి రాలేదు. ఒక్కోదాంట్లో పదిమంది.

మరి దూరం పోయే ఫైటర్‌ని ముందే ఎందుకు తయారుచేసుకోలేదు? చేతకాక కాదు, అక్కర్లేదనుకుని.

[స్క్రీన్ మీద: మార్టిన్ బీ-10]

ఆ నమ్మకం ఊరికే పుట్టలేదు లెండి. 1930ల మొదట్లో వచ్చిన ఈ బాంబర్ అప్పటి అమెరికన్ ఫైటర్లకు అందేది కాదు. రాడార్ ఇంకా రాలేదు. బాంబర్ ఎలాగైనా చొచ్చుకొస్తుందని 1932లో బ్రిటన్ పార్లమెంటులోనే మాజీ ప్రధాని బాల్డ్విన్ చెప్పేశాడు. అలబామాలోని మాక్స్‌వెల్ ఫీల్డ్‌లో, వైమానిక అధికారుల స్కూల్లో, అదే పాఠమైపోయింది. అక్కడ ఫైటర్ల గురించి బోధించే క్లెయిర్ షెనాల్ట్ ఒప్పుకోలేదు. వాదించి వాదించి, ఆరోగ్యమూ చెడి, 1937లో సైన్యం వదిలి చైనా వెళ్లాడు.

దీనికి తోడు ఇంకో నమ్మకం. దూరం పోవాలంటే పెట్రోలు మోయాలి, బరువెక్కిన ఫైటర్ కొట్లాటకు పనికిరాదు. వినడానికి సబబుగానే ఉంది కదా! బ్రిటిష్ వైమానిక దళాధిపతి పోర్టల్ 1941లో చర్చిల్‌కు చెప్పిందీ ఇదే. కానీ అంతకుముందు ఏడాదే జపాన్ జీరో ఫైటర్లు పొట్ట కింద, అక్కర్లేనప్పుడు విడిచిపెట్టే పెట్రోలు ట్యాంకు తగిలించుకుని, చైనాలోని చోంగ్‌చింగ్ దాకా బాంబర్లకు కాపలా వెళ్లొచ్చాయి! జీరో గురించి షెనాల్ట్ వాషింగ్టన్‌కు రాశాడు కూడా, పట్టించుకోలేదు. నన్ను అడిగితే, ష్వైన్‌ఫర్ట్ కన్నా బాధ కలిగించేది ఇది.

[స్క్రీన్ మీద: మస్టాంగ్, రెక్కల కింద బొద్దు ట్యాంకులు]

చివరికి ఆ దూరం పోయిన అమెరికన్ ఫైటర్ మస్టాంగ్. అది మొదట ఎగిరింది 1940లోనే. తర్వాత రోల్స్ రాయిస్ మెర్లిన్ ఇంజన్ పెట్టారు. రెక్కల కింద ట్యాంకుల్లో కొన్ని బ్రిటన్‌లో కాగితం, జిగురుతో చేసినవి. అవును, కాగితమే. శత్రువు కనిపిస్తే వాటిని కిందికి వదిలేసి తేలిగ్గా తిరగబడొచ్చు. 1944 మార్చికల్లా మస్టాంగ్‌లు బాంబర్ల పక్కనే బెర్లిన్ మీద ఎగురుతున్నాయి.