దించేసిన ఫ్లెక్సీ

(గుంటూరు బ్రహ్మానందరెడ్డి స్టేడియంలో బడిపిల్లల ఆటల పోటీల ముగింపు సభలో రిటైరైన పీఈటీ ఒకరి ప్రసంగం)

వేదిక మీది పెద్దలందరికీ నమస్కారం. ఒక్కొక్కరి పేరూ చెబితే ఎండలో పిల్లలు సోలిపోతారు, క్షమించాలి.

గెలుపోటముల మీద మాట్లాడమన్నారు. కాగితం రాసుకొచ్చాను. మన విజయవాడ కోనేరు హంపి 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో ప్రపంచ ర్యాపిడ్ చెస్ పోటీలో మొదటి గేమే ఓడింది. చివరికి 11 రౌండ్లలో 8.5 పాయింట్లతో టైటిల్ తెచ్చింది. మన గుంటూరు కిదాంబి శ్రీకాంత్ 2018లో బ్యాడ్మింటన్‌లో ప్రపంచ నంబర్ వన్. తర్వాత వరసగా ఓటములు. అయినా 2021లో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్‌కి చేరాడు. మన దేశం నుంచి అక్కడిదాకా వెళ్లిన మొదటి మగవాడు. ఫైనల్ ఓడాడు, రాకెట్ మాత్రం వదల్లేదు.

ఇంకా ఉంది, కానీ ఈ కాగితం జేబులో పెట్టేస్తున్నాను. నేను చెప్పాల్సింది వేరే.

నేను పనిచేసిన ఒక బడిలో ఎనిమిదో తరగతి పిల్ల జిల్లాలో 400 మీటర్లు గెలిచింది. గేటుకి ఫ్లెక్సీ కట్టాం. నా ఫొటో కూడా వేయించుకున్నాను లెండి, ఆ పిల్ల ఫొటోకంటే కాస్త పెద్దదే! రాష్ట్ర పోటీల్లో ఆరో స్థానం వచ్చింది. సోమవారానికి గేటు ఖాళీ. పది రోజుల తర్వాత ఆ ఫ్లెక్సీ సందు చివర ఇడ్లీ బండి మీద పట్టాగా కనిపించింది. ఆ పిల్ల రోజూ బడికొచ్చే దారి అదే. వాన నీళ్లు తన ముఖం మీదుగా కారుతుంటే చూసుకుంటూ వచ్చేది. గ్రౌండుకి రావడం మానేసింది. వాళ్ల నాన్న "చదువుకోనివ్వండి సార్" అన్నాడు. నేనూ సరే అన్నాను.

రిటైరయ్యాక పాత నోటుబుక్కు తిరగేశాను. జిల్లాలో గెలిచిన రోజు ఆ పిల్ల టైము 68 సెకన్లు. రాష్ట్రంలో ఓడిన రోజు 66. విన్నారా? ఓడిన రోజే రెండు సెకన్లు ముందు పరిగెత్తింది! రాసుకున్నది నేనే. ఆ పిల్లకి చెప్పనిదీ నేనే. తను బాగుపడుతున్నానని తెలియని పిల్ల మర్నాడు పొద్దున్నే లేచి షూలేసులు ఎందుకు కట్టుకుంటుంది?

అమ్మా, మూడో వరసలో పిల్లాడి చెవి మెలిపెడుతున్నారు, మీరే... వదిలేయండమ్మా.

కప్పులు తర్వాత ఇద్దురుగాని. పొద్దున్నుంచి అన్ని లేన్ల టైములూ తీశాను, నోటుబుక్కు ఇదిగో. నాలుగు, ఐదు, ఆరు స్థానాల పిల్లలు ముందు ఇలా రండి. పోయినేడు మీ టైము ఎంతో గుర్తుందా?