28 దగ్గర ఆగి చూడండి

అందరికీ నమస్కారం.

పెట్రోలు కారు పొగగొట్టం దారిలో తేనెపట్టు లాంటి ఒక దిమ్మె ఉంటుంది. దాని గోడలకు ప్లాటినం, పల్లాడియం లాంటి లోహాలు పూస్తారు. ఇంజన్ నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ అక్కడే ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. ఆ లోహం మీద ఏం జరిగిందో తెలుసుకోవడానికి ఒక దారి, వదిలి వచ్చిన వాయువును తూచడం. తూచే త్రాసు మాస్ స్పెక్ట్రోమీటర్.

ముందు లోహం శుభ్రంగా ఉండాలి. లోహం ఉన్న గదిలో గాలి పీడనం ఒక టార్‌లో (టార్ అంటే పీడనం కొలిచే ప్రమాణం) పది లక్షో వంతుకు తగ్గించినా చాలదు. తగిలిన ప్రతి అణువూ అంటుకుంటే దాదాపు ఒక్క సెకనులో ఉపరితలం నిండిపోతుంది. ఇంకో పదివేల రెట్లు తగ్గిస్తే, రెండున్నర గంటలకు పైగా వ్యవధి దొరుకుతుంది. మన పనంతా ఆ వ్యవధిలోనే.

చల్లబరిచిన ప్లాటినం స్ఫటికం మీదికి కొంచెం కార్బన్ మోనాక్సైడ్ వదులుతాం. తర్వాత సెకనుకు కొన్ని డిగ్రీల చొప్పున వేడి చేస్తాం. స్పెక్ట్రోమీటర్‌ని కార్బన్ మోనాక్సైడ్ అణువు ద్రవ్యరాశి అయిన 28 మీద పెట్టి తెర వైపే చూస్తూ ఉంటాం. చాలాసేపు గీత నేలబారుగా పోతుంది. 400 కెల్విన్ దాటాక లేస్తుంది, కొండలా ఎక్కి దిగిపోతుంది. ఆక్సిజన్ అయితే 700 కెల్విన్ ప్రాంతం దాకా కదలదు. విడిపోయి కూర్చున్న పరమాణువులు మళ్ళీ జతకడితేనే అది బయటపడుతుంది. శిఖరం ఎక్కడుందో చూస్తే పట్టు ఎంత గట్టిదో తెలుస్తుంది.

కానీ 28ని వెంటనే నమ్మకండి. నైట్రోజన్ కూడా 28 దగ్గరే కనిపిస్తుంది. పరిశోధన మొదలుపెట్టిన రోజుల్లో నాకు చక్కటి శిఖరం వచ్చింది, వారం రోజులు సంబరపడ్డాను. తర్వాత వాయువు ఏమీ ఇవ్వకుండా వేడి చేస్తే అదే శిఖరం మళ్ళీ లేచింది! వాయువు వస్తోంది స్ఫటికం నుంచి కాదు, దాన్ని పట్టి ఉంచిన తీగల నుంచి. ఆ వారమంతా గీసిన గీతలు పక్కన పెట్టాల్సి వచ్చింది. మామూలు కార్బన్ కంటే ఒక ప్రమాణం బరువైన కార్బన్-13 ఉన్న వాయువు వాడి 29 దగ్గర చూశాకే నాకు టెన్షన్ తగ్గింది.

ఇదే త్రాసుతో ఎంత పెద్ద ప్రశ్న తేల్చారో చూడండి. గాల్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ లోహం మీదున్న ఆక్సిజన్‌ని నేరుగా తన్నుకుపోతుందా, లేక ముందు లోహం మీద కూర్చుంటుందా? 1970ల చివర్లో ఎంగెల్, ఎర్టిల్ అనే శాస్త్రవేత్తలు పల్లాడియం మీదికి ఆ వాయువును విడతలు విడతలుగా వదిలి, 44, అంటే కార్బన్ డయాక్సైడ్, ఎప్పుడు వస్తుందో కొలిచారు. నేరుగా తగిలితే వెంటనే రావాలి. ఆలస్యంగా వచ్చింది. ఆ ఆలస్యం ఉష్ణోగ్రతతో మారింది కూడా. అంటే ముందు కూర్చుంటోంది, తర్వాతే కలుస్తోంది. లోహ ఉపరితలాల మీది చర్యలను ఇలా విడదీసి చూపినందుకే ఎర్టిల్‌కు 2007లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది.

రేపు ల్యాబ్‌లో ముందు ఖాళీ స్ఫటికాన్నే వేడి చేయండి. 12, 14, 28, 32 నాలుగూ గీయండి. స్పెక్ట్రోమీటర్‌లో కొన్ని అణువులు విరిగి కార్బన్ 12 దగ్గర, నైట్రోజన్ 14 దగ్గర కనిపిస్తాయి; 32 ఆక్సిజన్‌ది. 28తో పాటు 14 లేస్తే నైట్రోజన్, 12 లేస్తే కార్బన్ మోనాక్సైడ్. 14, 32 రెండూ కనిపిస్తే ఎక్కడో గాలి లోపలికి వస్తోంది, బోల్టులు చూసుకోండి. వాయువు సిలిండర్ తెరవడం ఆ తర్వాతే.