లక్కీ డ్రా ఫ్లెక్సీ కట్టే ముందు

వ్యాపార మిత్రులందరికీ నమస్కారం.

దసరా దగ్గర పడుతోంది. 'రెండు వేలకు కొనండి, కారు గెలుచుకోండి' అని కొందరు ఇప్పటికే ఫ్లెక్సీలు ప్రింటింగుకు ఇచ్చి ఉంటారు. అవి కట్టే ముందు, కొనుగోలుకు ముడిపెట్టిన లక్కీ డ్రా గురించి చట్టం ఏమంటుందో చెబుదామని వచ్చాను.

2019 వినియోగదారుల రక్షణ చట్టం, సెక్షన్ 2(47) చదవండి. అమ్మకాలు పెంచుకోవడానికి పోటీ గానీ, లాటరీ గానీ, అదృష్టం మీదో నైపుణ్యం మీదో నడిచే ఆట గానీ పెడితే, ప్రభుత్వం నిబంధనల్లో మినహాయించినవి తప్ప, అది అనుచిత వ్యాపార పద్ధతి. బహుమతి నిజంగా ఇచ్చినా సరే. ఈ మాట చెబితే 'ఊరంతా పెడుతున్నారు కదండీ' అంటారు. ఫిర్యాదు వచ్చిన రోజున వినియోగదారుల కమిషన్ ముందు నిలబడాల్సింది ఊరు కాదు, మీరే.

చట్టం ఇంత గట్టిగా ఎందుకుంది? చీర నచ్చి కొనాలి, ధర చూసి కొనాలి. బిల్లు పద్దెనిమిది వందలైతే కూపన్ కోసం ఇంకో రెండు వందలకు అక్కర్లేని జాకెట్ ముక్క తీసుకోవడం మీ కౌంటర్ దగ్గర రోజూ చూస్తూనే ఉంటారు. బహుమతి ఖర్చును ధరలో కలిపేసి 'ఉచితం' అని నమ్మించడం కూడా ఆ సెక్షన్ ప్రకారం తప్పే.

ఈ 'ఉచితం' మీద పెద్ద కేసే నడిచింది. 2007లో టీవీ క్విజ్ 'కౌన్ బనేగా కరోడ్‌పతి'తో పాటు ప్రేక్షకులకు ఎస్సెమ్మెస్ పోటీ పెట్టారు. ఒక్కో మెసేజ్‌కి 2 రూపాయల 40 పైసలు. బహుమతి డబ్బు అందులోంచే వచ్చిందని భావించి జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో కోటి రూపాయల పరిహారం విధించింది. దానికి తగిన ఆధారం లేదని సుప్రీంకోర్టు తర్వాత ఆ ఉత్తర్వు కొట్టేసింది. ఇది చూసి ధైర్యం తెచ్చుకోకండి. అన్నేళ్లు కోర్టుల్లో నిలబడే స్తోమత పెద్ద కంపెనీలకు ఉంటుంది, మనకు ఉండదు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఫలితాల విషయం. డ్రా రోజు పెద్దమనిషి చేత చీటీ తీయిస్తారు, ఫోటోలు దిగుతారు. విజేతల నంబర్లు కౌంటర్ పక్కన ఓ కాగితం మీద అంటిస్తారు. వారం తిరిగేసరికి అది కనబడదు. పల్లె నుంచి బస్సెక్కి వచ్చి కొన్న మనిషి కూపన్‌ను పర్సులో దాచుకుని ఎదురుచూస్తూనే ఉంటాడు. ఫలితాలు దాచిపెట్టడం చట్టంలో విడిగా ఒక తప్పు. ప్రకటన ఏ పత్రికలో ఇచ్చారో అదే పత్రికలో, తగిన సమయంలో, కంటికి కనబడేలా ఫలితాలు వేస్తే తెలియజేసినట్టు లెక్క.

పన్ను సంగతీ ముందే చెప్పాలి. బహుమతి విలువ పదివేలు దాటితే 30 శాతం పన్ను పడుతుంది. నగదు కాకుండా వస్తువు ఇస్తుంటే, పన్ను జమ అయిందని చూసుకున్నాకే దాన్ని చేతికివ్వాలి. ఆ బాధ్యత ఇచ్చేవారిదే. లక్ష రూపాయల స్కూటీ గెలిచిన ఇంటిపనావిడను ముప్పై వేలు తెమ్మంటే ఎక్కడినుంచి తెస్తుంది? 'షరతులు వర్తిస్తాయి' అని చీమతల అక్షరాల్లో వేసి తప్పుకోవడం న్యాయం కాదు.

తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పది లక్షల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేయగలదు. కొనుగోలుదారు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు, తాను ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు.

కారుకు పెట్టే డబ్బును ధరలో తగ్గించండి. పండగకు వచ్చిన ప్రతి ఒక్కరికీ బిల్లులో ఆ తగ్గింపు కనబడుతుంది. పోయినేడు డ్రా పెట్టి ఫలితాలు సరిగా ప్రకటించని వాళ్లుంటే, ఆ జాబితా ఈ వారమే పత్రికలో వేయించండి. కూపన్లు అచ్చు వేయించిన వాళ్లు ఇక్కడే ఆగండి, ఒక్కొక్కటీ కలిసి చూద్దాం.