కొత్త లైనర్ బిగిద్దామని పాతది తీశాం… పికప్ బాడీ కింద ఏం కనిపించిందో మీరే చూడండి

అందరికీ నమస్కారం. అనంతపురం నుంచి మళ్ళీ మీ ముందుకొచ్చాను. ముందుగా ఒక విషయం చెప్పేస్తాను. నా వెనక గోడకు ఆనించిన పెద్ద నల్ల ప్లాస్టిక్ లైనర్, అంటే పికప్ వెనక లోడ్ పెట్టే బాడీకి గీతలు పడకుండా లోపల పరిచే తొడుగు, కనిపిస్తోంది కదా, దాన్ని ఒక కంపెనీ వాళ్ళు రివ్యూ కోసం ఉచితంగా పంపారు. వాళ్ళ దగ్గర డబ్బులేమీ తీసుకోలేదు. "మీ పికప్‌కు బిగించి, ఒక నెల లోడ్లు కొట్టి, ఎలా ఉందో చెప్పండి" అన్నారు, సరే అన్నాను. దీని మందం ఎంత, బరువు ఎంత, ఏ బండికి ఏ సైజు వస్తుంది, ఇవన్నీ మీరు ఇప్పటికే వేరే వీడియోల్లో చూసే ఉంటారు. మళ్ళీ చదివి మీ టైమ్ తినను.

కొత్తది బిగించాలంటే పాతది తీయాలి కదా. నిన్న పొద్దున తీశాం. తీసినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. అందుకే ఈ వీడియో ముప్పాతిక వంతు ఆ పాత లైనర్ గురించే ఉంటుంది. పికప్ ఉన్నవాళ్ళు, కొత్తగా కొనబోయేవాళ్ళు, దయచేసి చివరిదాకా చూడండి.

ఈ బండి నేను 2021లో కొన్నాను. కొన్న వారానికే ఒక యాక్సెసరీస్ షాపులో బాడీకి లైనర్ వేయించాను. అప్పుడు నాకున్న ఆలోచన ఒక్కటే, కొత్త పెయింట్ మీద గీత పడకూడదు. షాపాయన ఏం చేశాడంటే, లైనర్ కదిలి కడకడ చప్పుడు చేయకుండా దాని అడుగున అరచెయ్యి వెడల్పు ఫోమ్ పట్టీలు నాలుగు అంటించాడు. తర్వాత స్క్రూలతో బిగించేశాడు. నిజంగానే చప్పుడు రాలేదు. చాలా నీట్‌గా చేశాడని నేను నలుగురికి చెప్పి పంపాను కూడా. ఆ నలుగురూ ఈ వీడియో చూస్తుంటే, అన్నా, ఈరోజే మీ లైనర్ ఒక మూల ఎత్తి చూడండి.

తీయడం ఎలాగో చెప్తాను. మొత్తం 14 స్క్రూలు. తొమ్మిది వచ్చాయి, ఐదు రాలేదు. తల అరిగిపోయి స్క్రూడ్రైవర్ తిరుగుతోందే తప్ప స్క్రూ కదల్లేదు. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి అరగంట ఆగితే ఇంకో రెండు వచ్చాయి. మిగిలిన మూడింటి తలలు గ్రైండర్‌తో కోసేశాం. లైనర్ మొత్తాన్ని ఒక్కసారే లాగొద్దు, వెనక డోరు వైపు నుంచి మెల్లగా ఎత్తుకుంటూ ముందుకు పోవాలి. ఇద్దరు మనుషులు ఉంటే మంచిది. మేము ఎత్తుతుంటే మొదట వచ్చింది వాసన. పాత బావిలో దిగినప్పుడు వచ్చే మురుగు వాసన ఉంటుందే, అది. లైనర్ ఎత్తిన టింకరింగ్ అన్న నా మొహం చూసి, "ఇన్ని దినాలు దీన్ని ఒక్కసారి కూడా ఎత్తి చూడలేదా అన్నా?" అన్నాడు. చూడలేదు.

ఇప్పుడు కెమెరా కొంచెం దగ్గరికి తెస్తాను. ఇది ఆ ఫోమ్ ముక్క. మా దగ్గర ఆఖరి వాన పడి 22 రోజులైంది. నేను బండి కడిగి తొమ్మిది రోజులైంది. ఆ తొమ్మిది రోజులూ బండి ఎండలోనే ఉంది. ఇప్పుడు దీన్ని బొటనవేలితో నొక్కుతాను, చూడండి. నీళ్ళు. టీ డికాక్షన్ రంగులో ఎలా కారుతున్నాయో చూడండి. తొమ్మిది రోజుల ఎండ కూడా దీన్ని ఆరబెట్టలేకపోయింది.

ఇంకొంచెం కిందికి రండి. బాడీ రేకు మీద ఈ నాలుగు అడ్డపట్టీలు కనిపిస్తున్నాయా? ఫోమ్ ఎక్కడుందో తుప్పు సరిగ్గా అక్కడే ఉంది, స్కేలు పెట్టి గీసినట్టు. పట్టీకి పట్టీకి మధ్యలో పెయింట్ కాస్త మాసింది, అంతే, రేకు గట్టిగానే ఉంది. పట్టీ కింద మాత్రం పెయింట్ అప్పడంలా ఉబ్బి లేచింది. ఇనుము తుప్పుగా మారితే ముందున్న దానికంటే ఎక్కువ చోటు కావాలి, అందుకే పైనున్న పెయింట్‌ను అలా తోసేస్తుంది. ఇక్కడ, క్యాబిన్ వైపు ఎడమ మూల, స్క్రూడ్రైవర్ మొన పెట్టి కొంచెం నొక్కుతాను. దిగిపోయింది. కిందనుంచి వెలుతురు కనిపిస్తోంది. ఇలాంటివి రెండు చిల్లులు. అంత పాత బండి కూడా కాదు ఇది.

మీలో చాలామందికి ఒక డౌట్ వస్తుంది. అనంతపురంలో తుప్పేంటి, అది విశాఖపట్నం, మచిలీపట్నం లాంటి సముద్రం ఒడ్డు ఊళ్ళ సమస్య కదా అని. నేనూ అలాగే అనుకున్నాను. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది. కానీ ఇనుము తుప్పు పట్టడానికి ఎంత వాన పడిందన్నది లెక్క కాదు. రేకు ఎన్ని గంటలు తడిగా ఉందన్నదే లెక్క. నీళ్ళు, గాలిలోని ఆక్సిజన్, ఈ రెండూ కలిస్తే చాలు. పైన కప్పు లేని రేకు వానలో తడిసినా మన ఎండకు, గాలికి గంటలో ఆరిపోతుంది. ఈ లైనర్ కింద అదే తడి వారాల తరబడి ఉంటుంది. పంచె అంచు నీళ్ళలో తగిలితే తడి పైకి ఎలా పాకుతుందో, ఈ సన్న సందులోకి నీళ్ళు అలాగే వాటంతట అవే పాకుతాయి. లోపలికి పోయే దారి ఉంది, బయటికొచ్చే దారి లేదు.

వాన లేకపోయినా నీళ్ళు నేనే పోశాను. పొట్టేళ్ళ లోడ్ దించిన ప్రతిసారీ పైపు పెట్టి కడిగాను. కడగకపోతే ఎలా, మరుసటి రోజు దాంట్లోనే చీనీ కాయలు, అదే బత్తాయిలు, పోయాలి. కడిగిన నీళ్ళు స్క్రూ చిల్లుల్లోంచి, అంచుల్లోంచి దిగిపోయాయి. దాంతో పాటు పొట్టేళ్ళ మూత్రం కూడా. ఇంకా ఎరువుల లోడ్లు. ఖరీఫ్ మొదలైతే నాకు యూరియా, డీఏపీ, పొటాష్ కిరాయిలే ఎక్కువ. యూరియా 45 కిలోల మూట, డీఏపీ 50 కిలోల మూట. దించేటప్పుడు ఏదో ఒక మూట కొక్కేనికి చిరుగుతుంది, గుప్పెడు గుళికలు కిందపడతాయి. మనం మామూలుగా వాడే పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్, అది ఒక రకం ఉప్పే. నీళ్ళలో కలిసి రేకు మీద నిలిచిందంటే తుప్పు వేగం చాలా పెరుగుతుంది. సముద్రం మన దగ్గర లేదు, కానీ ఉప్పునీళ్ళను నేనే తెచ్చి లైనర్ కింద దాచిపెట్టాను. 2022 అక్టోబర్‌లో నడిమివంక వాగు పొంగి టౌన్‌లో కాలనీలు మునిగినప్పుడు ఈ బండి రాత్రంతా వానలో బయటే ఉంది. ఆ నీళ్ళు ఎన్నాళ్ళు దీని కింద ఉన్నాయో తలుచుకుంటే ఇప్పుడు బాధేస్తోంది.

ఇంకొకటి, మన రోడ్ల దుమ్ము. లైనర్‌కు రేకుకు మధ్య ఎర్రమట్టి, సన్న ఇసుక చేరి, బండి ఊగినప్పుడల్లా ఎమరీ పేపర్‌తో రుద్దినట్టు పెయింట్‌ను రుద్దింది. గీతలు పడకూడదని వేసిన లైనరే ఎవరికీ కనిపించకుండా గీతలు పెట్టింది.

ఇక్కడ నా పాత బండి గురించి చెప్పాలి. దీనికంటే ముందు నాకు ఒక మినీ ట్రక్ ఉండేది. దానికి లైనర్ లేదు, ఏమీ లేదు. టమోటా బాక్సులు పెట్టేటప్పుడు అడుగున వరిగడ్డి, శనక్కాయల మూటలకైతే నాలుగు గోనెసంచులు. లోడ్ దించాక గడ్డి ఊడ్చేసి, సంచులు దులిపి ఎండకు వేసేవాణ్ణి. ఏడేళ్ళు నడిపాను. బాడీ నిండా గీతలు, సొట్టలు, చూడ్డానికి అస్సలు బాగుండేది కాదు. మా నాన్న మాత్రం ఆ బండినే మెచ్చుకునేవాడు. అమ్మేటప్పుడు కొన్నాయన కిందికి దూరి సుత్తితో కొట్టి చూశాడు, ఎక్కడా చిల్లు లేదు. అప్పుడు నాకు అర్థం కాలేదు. గోనెసంచి తడిని పట్టుకుంటుంది, నిజమే, కానీ చేత్తో తీసి అవతల వేయొచ్చు. స్క్రూలతో బిగించిన ఫోమ్‌ను ఎవరు తీస్తారు?

సరే, బాగుచేయడం. లైనర్ తీశాక వెంటనే పెయింట్ కొట్టేయొద్దు. ముందు మంచినీళ్ళతో బాగా కడగాలి, ఆ ఎరువు ఉప్పు మొత్తం పోవాలి. ఈ పని చాలామంది వదిలేస్తారు. ఉప్పు ఉండగా పైన పెయింట్ వేస్తే లోపల మళ్ళీ మొదలవుతుంది. కడిగాక రెండు రోజులు ఎండలో ఆరబెట్టాలి. లేచిన పొరలను గీకి, గ్రైండర్‌కు వైర్ బ్రష్ పెట్టి తెల్లటి ఇనుము కనిపించేదాకా రుద్దాలి. కళ్ళద్దాలు, మాస్క్ లేకుండా ఈ పని చెయ్యొద్దు, వైర్ ముక్కలు ఎగురుతాయి. చిల్లులుండి వెల్డింగ్ చేయించాల్సి వస్తే, ముందు కింద వైరింగ్, డీజిల్ ట్యాంకు ఎక్కడున్నాయో చూసుకుని, బ్యాటరీ తీగలు తీసేయించండి. గుంటల్లో మిగిలిపోయిన తుప్పుకు రస్ట్ కన్వర్టర్, అంటే తుప్పును గట్టి పొరగా మార్చే మందు, పూయాలి. టానిక్ యాసిడ్ ఉన్నదైతే పూసిన కాసేపటికి ఎర్ర తుప్పు నల్లగా మారుతుంది, చూస్తుంటే భలే తృప్తిగా ఉంటుంది. దాని మీద ఎపాక్సీ ప్రైమర్, ఆ పైన పెయింట్. చిల్లులు పడ్డ రెండు చోట్లా రేకు కోసి ప్యాచ్ వెల్డింగ్ చేయిస్తున్నాను. అంతా కలిపి నాకు 6,500 అవుతుందన్నారు. లైనర్‌కు అప్పట్లో ఇచ్చిన డబ్బు కంటే ఇది ఎక్కువ.

ఇప్పుడు కంపెనీ పంపిన కొత్త లైనర్ దగ్గరికి వద్దాం. మంచి ముందు చెప్తాను. ప్లాస్టిక్ గట్టిగా ఉంది. అంచులు చేతికి కోసుకోకుండా నున్నగా చేశారు. పక్క గోడలకు వచ్చే భాగం నాకు బాగా నచ్చింది, బాక్సుల మూలలు తగిలి బాడీ సొట్టపోకుండా ఆపుతుంది. అడుగున ఫోమ్ లేదు, అది చూసి ఊపిరి పీల్చుకున్నాను.

కానీ తిప్పి చూస్తే, ఇదిగో, కింద ఈ గట్లు. రేకుకు లైనర్‌కు మధ్య గాలి ఆడాలని పెట్టారట. ఆలోచన మంచిదే. కానీ గట్లు బండి పొడవునా కాకుండా అడ్డంగా పెట్టారు. మడిలో గట్లు వేసినట్టు ప్రతి గదిలోనూ నీళ్ళు నిలుస్తాయి, వెనక డోరు వైపు పారవు. మాటతో వదిలేయకుండా చేసి చూశాను. లైనర్‌ను బిగించకుండా బాడీలో ఊరికే పరిచి, బండి ముందు చక్రాలను ఇటుకల మీదికి ఎక్కించి, క్యాబిన్ వైపు అంచులోంచి ఒక చెంబు నీళ్ళు పోశాను. వెనక గిన్నె పెట్టాను. పావుగంట తర్వాత గిన్నెలో సగం చెంబు కూడా లేదు. మిగిలింది లోపలే ఉంది. మీ బండికి లైనర్ ఉంటే ఈ పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. నీళ్ళు బయటికి రాకపోయినా, వచ్చిన నీళ్ళు ఎర్రగా ఉన్నా, లైనర్ తీసి చూడాల్సిందే.

దానికి తోడు దీన్ని బిగించడానికి 16 స్క్రూలు ఇచ్చారు. ఒక్కో స్క్రూ అంటే పెయింట్ తెగిన ఒక చిల్లు. నా బండికి ఇంకో 16 చిల్లులు నేను పెట్టను. కాబట్టి దీన్ని బిగించడం లేదు, మీరు కూడా కొనొద్దనే చెప్తాను. ఇదే మాట కంపెనీ వాళ్ళకు ఫోన్ చేసి ముందే చెప్పాను. గట్లు పొడవునా తిప్పండి, అడుగున నీళ్ళు పోయే చిల్లులు ఇవ్వండి, స్క్రూలు లేకుండా పక్క గోడల ముక్కలు విడిగా అమ్మండి, అప్పుడు నా డబ్బుతో కొని పెడతాను అన్నాను. వాళ్ళు కోప్పడలేదు. "ఉన్నది ఉన్నట్టే పెట్టండి" అన్నారు. ఆ మాటకు వాళ్ళను మెచ్చుకోవాలి.

లైనర్ బదులు రేకు మీద నేరుగా కొట్టే స్ప్రే కోటింగ్ సంగతి ఏంటని కూడా అడుగుతారు. శుభ్రంగా ఉన్న రేకు మీద సరిగ్గా కొడితే అది రేకుకే అంటుకుపోతుంది, మధ్యలో సందు ఉండదు, అందుకే బిగించే లైనర్ కంటే నయం. కానీ ఖర్చు ఎక్కువ. తుప్పు మీద కొట్టిస్తే మాత్రం తుప్పును లోపల మూసిపెట్టినట్టే.

నేను ఏం వేస్తున్నానంటే, ఇదిగో, పాత కన్వేయర్ బెల్ట్ రబ్బరు. బాడీ పొడవుకు కోసి మూడు పట్టీలు చేయించాను. స్క్రూలు లేవు, జిగురు లేదు. బరువుకు అవే కదలకుండా పడుంటాయి. బాక్సులు కూడా ప్లాస్టిక్ మీద జారినట్టు జారవు. పట్టీకి పట్టీకి మధ్య రెండు వేళ్ళ సందు వదిలాను. లోడ్ దించగానే చుట్ట చుట్టి పక్కన పెడతాను, కడుగుతాను, ఆరాక మళ్ళీ పరుస్తాను. ఐదు నిమిషాల పని. మూడు పట్టీల కిందా నెలకోసారి వేలు పెట్టి చూసి, మీకు ఫోటోలు పెడతాను.

కొత్త లైనర్‌ను రేపు పార్శిల్‌లో తిరిగి పంపుతున్నాను. ఎల్లుండి పెయింట్ ఆరుతుంది, ఆ పై రోజు పొద్దున్నే చీనీ కాయల లోడ్ ఉంది, మండీకి పోవాలి. ఉంటానండి.