చప్పట్లు ఎక్కడ పడాలి

అందరికీ నమస్కారం. శనివారం రాత్రి మనం ఇంతమందిమి కలిసి సోల్, ఫంక్, డిస్కో అనే మూడు అమెరికా సంగీతాల నైట్‌కి వెళ్తున్నాం కదా, అందుకని ఓ పది నిమిషాలు మాట్లాడమన్నారు. చరిత్రంతా చెప్పాలంటే ఈ టైమ్ సరిపోదు. నేను ఒక్క విషయమే పట్టుకుంటాను, హాల్లో కూర్చున్న మన చప్పట్లు ఎక్కడ పడాలి అని. చిన్న విషయంలా ఉంటుంది కానీ ఈ మూడు సంగీతాలకీ ఉన్న తేడా చాలావరకు అక్కడే తెలుస్తుంది.

మన చెయ్యి అలవాటుగా సమం మీద పడుతుంది. ఆదితాళం వేసినా, గుళ్ళో భజనలో కూర్చున్నా మొదటి దెబ్బ ‘ఒకటి’ దగ్గరే. సోల్ పాటని ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టుకుంటే చప్పట్లు రెండు దగ్గరా నాలుగు దగ్గరా పడతాయి, అమెరికాలో నల్లజాతి వాళ్ళ చర్చిల్లో గాస్పెల్ పాటల నుంచి వచ్చిన అలవాటు అది. నేను మొదటిసారి ఇలాంటి కచేరీకి వెళ్ళినప్పుడు పక్కసీట్లో ఉన్న పెద్దావిడ నా మోచెయ్యి పట్టుకుని, ఒక పాట సగం అయ్యేదాకా తన లెక్కకి నా చెయ్యి ఆడించింది. ఆ తర్వాత డ్రమ్స్ వేరేగా వినపడ్డాయి. ఆవిడ పేరు కూడా అడగలేదు, ఇప్పటికీ గుర్తొస్తూ ఉంటుంది.

ఇంకో సంగతి, పాడేవాళ్ళు ఒక ముక్క అని ఆగుతారు. ఆ ఆగడం మన కోసం. బుర్రకథలో కథకుడు ఒక మాట అనగానే వంతలు అందుకుంటారు చూడండి, అలాంటిదే, కాకపోతే ఇక్కడ హాలంతా వంతే. 

అమెరికా సోల్ గాయకుడు జేమ్స్ బ్రౌన్‌కి ఇది బాగా తెలుసు. 1962 అక్టోబర్ 24, బుధవారం. క్యూబా చుట్టూ అమెరికా నౌకల దిగ్బంధం అమల్లోకి వచ్చిన రోజు, అణుయుద్ధం వస్తుందేమోనని అందరూ టెన్షన్‌తో ఉన్న వారం. ఆ రాత్రి న్యూయార్క్‌లోని హార్లెమ్ 125వ వీధిలో, సుమారు 1,500 సీట్ల అపోలో థియేటర్‌లో ఆయన ప్రదర్శన. దాన్ని రికార్డు చేద్దామంటే రికార్డు కంపెనీ యజమాని సిడ్ నేథన్ డబ్బు పెట్టనన్నారు. జనం దగ్గర ఆల్రెడీ ఉన్న పాటలే స్టేజీ మీద మళ్ళీ పాడితే ఎవరు కొంటారని ఆయన లెక్క. బ్రౌన్ తన సొంత డబ్బు 5,700 డాలర్లు పెట్టి రికార్డు చేయించుకున్నారు. 1963లో విడుదలైన ఆ ఎల్పీ, అంటే రెండు వైపులా పాటలుండే పెద్ద రికార్డు, అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్టులో రెండో స్థానం దాకా వెళ్ళి, మొత్తం 66 వారాలు ఉంది. పాటలు తెలిసినవే అయినప్పుడు మరి జనం కొన్నదేంటి? ఆ హాలుని కొన్నారని నేను గట్టిగా నమ్ముతాను. అందులో ‘లాస్ట్ సమ్‌వన్’ పది నిమిషాలకి పైగా సాగుతుంది, ఒక వైపు పట్టక ఎల్పీ తిప్పుకుని మిగతాది వినాల్సి వచ్చేది. వెనక బ్యాండు అదే ముక్క వాయిస్తూ ఉంటుంది, ఆయన ఒక మాట వదులుతారు, ఎక్కడో ఒక అమ్మాయి కేక పెడుతుంది, ఆ కేకని పట్టుకుని ఆయన ఇంకో మాట అంటారు. శనివారం లోపు ఒక్కసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని దాన్ని వినండి, గాయకుణ్ణి కాసేపు వదిలేసి జనాన్ని వినండి.

తర్వాత అదే మనిషి బరువుని ‘ఒకటి’ మీదకి మార్చారు. 1965లో మొదలైంది, 1967లో ఆయన పాట ‘కోల్డ్ స్వెట్’ వచ్చేసరికి మనం ఫంక్ అనేది తయారైపోయింది. అది మన సమమే అనుకోండి, తనివి తీరా కొట్టుకోవచ్చు. బ్యాండంతా అక్కడ ఒక్కసారిగా కలిసి, మళ్ళీ ఎవరి దరువు వాళ్ళు చూసుకుంటారు. గిటార్ దరువే, ట్రంపెట్ దరువే, ఒక్కోసారి పాడే గొంతు కూడా దరువే. ఒక్క తప్పు పడినా బ్రౌన్ తన వాద్యకారులకి జరిమానా వేసేవారు. అది న్యాయమని నేను అనను, కానీ పదిమంది కలిసి ‘ఒకటి’ దగ్గర దిగితే ఆ దెబ్బ ఛాతీలో తగులుతుంది, ఫోన్ స్పీకర్‌లో అది రాదు. ఇంట్లో కూర్చుని వినొచ్చు కదా అనేవాళ్ళకి నా జవాబు ఇదే.

డిస్కో అంటే మెషిన్ సంగీతం అని చాలామంది తీసిపారేస్తారు. నాకు బాధేస్తుంది. ఆ బీట్‌కి రూపం ఇచ్చినవాళ్ళలో ముఖ్యుడు ఎర్ల్ యంగ్ అనే డ్రమ్మర్. 1973లో ఫిలడెల్ఫియాలో, కాలితో కిక్ డ్రమ్‌ని నాలుగింటి మీదా కొడుతూ, మధ్యలో హై-హాట్‌ని, అంటే జంట తాళాల్లాంటి పళ్ళేలని, తెరిచి ‘స్స్’ అనిపిస్తూ వాయించాడు. అక్కడి స్టూడియో బృందంలో వయొలిన్లతో కలిపి ముప్పై మందికి పైగా ఉండేవాళ్ళు, అంతా మనుషులే. 1979 జులై 12న చికాగో బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డులు కుప్పపోసి పేల్చేశారు. నల్లవాళ్ళు, లాటినోలు, గేలు కలిసి ఆడుకున్న సంగీతం మీద అంత కోపం ఎందుకో ఆలోచించండి. తర్వాతి నెలలోనే షీక్ అనే డిస్కో బృందం పాట ‘గుడ్ టైమ్స్’ అమెరికా చార్టులో మొదటి స్థానానికి వెళ్ళింది. అందులో బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ బేస్ గిటార్, నైల్ రోజర్స్ గిటార్ వినండి, మెషిన్ అనే మాట మళ్ళీ అనలేరు.

డిస్కో దగ్గరికి వచ్చేసరికి నాలుగింటి మీదా చప్పట్లు కొట్టొచ్చు, మొహమాటపడకుండా సీట్లోంచి లేవండి, వెనకవాళ్ళు కూడా అప్పటికి లేచే ఉంటారు. సోల్ పాటలో లెక్క తప్పితే మాత్రం డ్రమ్మర్ ఎడమ చెయ్యి చూడండి, సాధారణంగా అది కిందకి దిగేది రెండు దగ్గర, నాలుగు దగ్గర. పదండి, ఇప్పుడు ఇక్కడే ఒకసారి కొట్టి చూద్దాం.